చేతి కీళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు పిస్టలా, రివాల్వరా?

మీ నాన్నగారికి 72 ఏళ్ళు, చేపల చెరువులున్నాయి, .32 పిస్టల్‌కి లైసెన్సు ఉంది, వేళ్ళ కీళ్ళు వాచి స్లైడ్ (పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే భాగం) లాగలేకపోతున్నారు, దేనికి మారితే మంచిది అని అడిగారు. రివాల్వర్‌కి మారండి. అందులోనూ కాస్త బరువున్నదానికి మారండి. అయితే డబ్బు కట్టే ముందు ఆయన చేత ఒక పని చేయించి చూడండి. కాల్పించడం కాదు, ఖాళీ చేయించడం.

నేను సైన్యంలో ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాను. తుపాకులు విప్పి, బాగుచేసి, బిగించడమే నా ఉద్యోగం. ఇప్పుడు నరసాపురం దగ్గర ఉంటున్నాను. చెరువులవాళ్ళూ, తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరంలో ఉన్న నా పాత స్నేహితులూ తుపాకీ సంగతి వస్తే నన్నే అడుగుతారు. అందరూ అడిగేది ఒకటే: ఎంత దూరం కొడుతుంది, దెబ్బకి ఆగుతాడా. ఖాళీ చేయడం ఎంత తేలిక అని ఒక్కరూ అడగరు. ఇంట్లో ఉన్న తుపాకీ జీవితంలో ఒక్కసారి కూడా పేలకపోవచ్చు. కానీ తుడిచేటప్పుడు, మనవలు వచ్చినప్పుడు, ఎన్నికలకు స్టేషన్లో అప్పగించేటప్పుడు దాన్ని ఖాళీ చేయాల్సిందే. పట్టులేని చేతికి ప్రమాదం అక్కడే ఉంది.

మా పెదనాన్నగారి సంగతి చెబుతాను. ఆయనకు రొయ్యల చెరువులున్నాయి. రొయ్యలు పట్టి అమ్మే రోజుల్లో చేతిలో డబ్బు ఉంటుందని పిస్టల్ పక్కనే పెట్టుకుని పడుకునేవారు. ఒక భోగి తెల్లవారుజామున, పిల్లలు వస్తున్నారు కదా అని దాన్ని ఖాళీ చేసి బీరువాలో పెట్టబోయారు. తూటాలుండే మ్యాగజైన్ తీశారు. చాంబర్లో, అంటే గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోట, ఇంకా ఒక రౌండు (తూటా) ఉంది. దాన్ని తీయాలంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి రావాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని లాగితే సగం వచ్చి జారిపోయింది. రెండోసారీ అంతే. బలం చాలక పిస్టల్‌ని పొట్టకి ఆనించుకుని, ఒళ్ళు పక్కకి తిప్పి లాగుతున్నారు. గొట్టం వాకిలి వైపు తిరిగింది. వాకిట్లో కోడళ్ళు ముగ్గేస్తున్నారు. కుడిచేతి వేలు మెల్లగా ట్రిగ్గర్ గార్డులోకి పోతోంది, ఆయనకు తెలియట్లేదు.

"పెదనాన్నగారూ, ఆగండి" అంటే "ఉండరా అబ్బాయ్, ఎప్పుడూ చేసేదే కదా" అన్నారు. నేను మణికట్టు పట్టుకుని గొట్టం గోడవైపు తిప్పి, పిస్టల్ తీసుకుని స్లైడ్ లాగాను. రౌండు ఎగిరి మంచం కిందకి దొర్లిపోయింది. ఆయన తన వేళ్ళకేసి చూసుకుని "ఇది నా మాట వినట్లేదురా" అన్నారు. ముప్ఫై ఏళ్ళు పైగా తుపాకీ జాగ్రత్తగా వాడిన మనిషి. తెలియక చేసిన పని కాదది. చెయ్యి సహకరించలేదు, అంతే.

అందుకే పరీక్ష పొద్దున్నే పెట్టమంటాను. వయసుతో వచ్చే కీళ్ళ అరుగుదలలో పొద్దుటి బిగుతు సాధారణంగా అరగంటలోపు సడలుతుంది. రుమటాయిడ్ (వాపుతో వచ్చే కీళ్ళ జబ్బు) అయితే గంట దాటినా వదలదు. తుపాకీ షాపుకి మనం పదకొండింటికి వెళతాం. అప్పటికి టీ తాగి, నాలుగడుగులు వేసి, చేతులు వేడెక్కి ఉంటాయి. అక్కడ అన్నీ తేలికగానే అనిపిస్తాయి. కొత్తది కొనే ముందు ఇంట్లో ఉన్న పిస్టల్‌ని మీరు ఖాళీ చేసి, రెండుసార్లు చూసి, నిద్రలేచిన పది నిమిషాలకు ఆయన చేతికివ్వండి. అసలు సంగతి తెలుస్తుంది. షాపుకి కూడా నొప్పి ఎక్కువగా ఉన్న రోజే తీసుకెళ్ళండి.

పిస్టల్ ఎందుకు కష్టమంటే, చిన్న .32 పిస్టళ్ళలో చాలావాటికి లాకింగ్ ఉండదు. పేలినప్పుడు స్లైడ్‌ని ఆపేది దాని బరువూ, స్ప్రింగూ మాత్రమే. అందుకే స్ప్రింగు గట్టిగా పెడతారు. పిస్టలే ఉంచుకుంటానని ఆయన పట్టుపడితే, వేళ్ళతో గిల్లినట్టు కాకుండా అరచేయి మొత్తం స్లైడ్ మీద వేసి పిడికిలి బిగించమనండి. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి, స్లైడ్‌ని లాగడం కంటే పిస్టల్ ఉన్న చేతిని ముందుకి తొయ్యాలి. భుజం బలం కలుస్తుంది. గొట్టం మాత్రం మనుషులు లేని వైపే ఉండాలి. సైన్యంలో మా 9 ఎంఎం పిస్టల్‌కి ముందు హ్యామర్ (వెనకవైపు సుత్తిలా ఉండే మీట) లాగి పెడితే స్లైడ్ తేలికయ్యేది. బయట హ్యామర్ ఉన్న పిస్టల్ అయితే ఇదీ చేసి చూడొచ్చు.

యూట్యూబులో అమెరికావాళ్ళు స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ అని చూపిస్తారు. స్లైడ్ తేలికగా వచ్చేలా చేసిన పిస్టల్ అది, మంచిదే. కానీ మామూలు లైసెన్సుదారుడు దాన్ని ఇక్కడికి తెప్పించుకోలేడు. అందులో 9 ఎంఎం రకం అయితే మనకు నిషిద్ధ బోరు, అంటే మామూలు లైసెన్సుకి ఇవ్వని తూటా సైజు. ఆ వీడియోలు చూసి పెద్దాయనకి ఆశ పెట్టకండి.

ఇక రివాల్వర్. మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ మధ్యకి విరుస్తాం, అంటే లాచ్ (గడియ) తీసి గొట్టాన్ని కిందికి వంచుతాం. విరిచితే ఆరు రౌండ్లూ ఒకేసారి పైకి వస్తాయి, చాంబర్లో ఏముందో కళ్ళకి కనిపిస్తుంది. స్లైడ్ గొడవే లేదు. కొత్తలో లాచ్ బిగుతుగా ఉంటుంది, షాపులోనే నాలుగైదుసార్లు తీయించి చూడండి. 2023లో కాన్పూరు నుంచి వచ్చిన ప్రబల్ రివాల్వర్‌కి సిలిండర్ (తూటాలుండే గుండ్రటి భాగం) పక్కకి తెరుచుకుంటుంది, బరువు 700 గ్రాములు. దానికి రౌండ్లు బయటికి రావాలంటే రాడ్‌ని అరచేత్తో నొక్కాలి, కాల్చిన ఖాళీ తూటాలు ఒక్కోసారి బిగుసుకుంటాయి. అరచేయి నొప్పి ఉన్నవాళ్ళకి విరిచే రకమే మేలని నా గట్టి నమ్మకం. 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్ 500 గ్రాములే కదా, తేలిక కదా అంటారు. తేలిక తుపాకీ చేతిని ఎక్కువ తంతుంది. వాచిన కీళ్ళకి ఆ తన్ను మంచిది కాదు. .22 రివాల్వర్‌కి తన్ను తక్కువే గానీ, ఆ రౌండు అంచుమీద గట్టిగా కొడితేనే పేలుతుంది కాబట్టి ట్రిగ్గర్ చాలాసార్లు ఇంకా బరువుగా ఉంటుంది.

ట్రిగ్గర్ విషయంలో నా మాట కచ్చితంగా వినండి. డబుల్ యాక్షన్ లాగుడు (ట్రిగ్గర్ ఒక్కదానితోనే హ్యామర్ లేచి పడేలా లాగడం) బరువు కాబట్టి ముందే హ్యామర్ లాగి పెట్టుకోమని కొందరు సలహా ఇస్తారు. బొటనవేలి మొదట్లో అరుగుదల ఉన్నవాళ్ళు ఆ పని చేయకూడదు. హ్యామర్ లాగాక కాల్చే అవసరం తీరిపోతే, ట్రిగ్గర్ నొక్కుతూ హ్యామర్‌ని బొటనవేలితో మెల్లగా దించాలి. ఆ వేలు జారితే పేలుతుంది. వేలి చివరతో కాకుండా మొదటి కణుపు మడతతో నిదానంగా లాగడం పేలని డమ్మీ రౌండ్లతో నేర్పించండి. అలా కూడా లాగలేకపోతే ఆ తుపాకీ ఆయనకి పనికిరాదు. పిడి సన్నగా ఉంటే రబ్బరు పిడి వేయించండి. కొడవలి పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకున్నట్టే, లావు పిడికి వేళ్ళు అంతగా ముడుచుకోనక్కర్లేదు.

స్ప్రింగు కత్తిరించి తేలిక చేస్తానని ఎవరైనా మెకానిక్ అంటే దగ్గరికి రానివ్వకండి. హ్యామర్‌ని తోసే మెయిన్ స్ప్రింగు బలం తగ్గితే దెబ్బ చాలక రౌండు పేలదు. పైగా లైసెన్సు లేనివాడు తుపాకీ రిపేరు చేయడం నేరం.

మన డెల్టాలో ఇంకో బాధ, ఉప్పుగాలి. ఎన్నికలొస్తే తుపాకులు స్టేషన్లో పెట్టిస్తారు. పెట్టించడం సరే, కానీ నెలల తరబడి ఆ తేమ గదిలో నూనె చుక్క పడకుండా పడుంటాయి. మా పెదనాన్నగారి పిస్టల్ ఒకసారి స్లైడ్ గాడిలో తుప్పుతో తిరిగొచ్చింది. ఆరోగ్యంగా ఉన్న చేతికే లాగడం కష్టమైంది. అప్పగించే ముందు బాగా నూనె పట్టించండి, తెచ్చుకున్న రోజే ఖాళీదని చూసుకుని విప్పి తుడవండి. లైసెన్సుకి ఇచ్చే డాక్టరు సర్టిఫికెట్టుదీ ఇదే వరస. బీపీ చూసి సంతకం పెడతారు, పిడికిలి బిగించమని అడిగిన డాక్టరు నాకింతవరకు తగల్లేదు. అది మీరే చూసుకోవాలి.

మీ నాన్నగారికి 72 అన్నారు కాబట్టి ఇంకో దారీ ఉంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సుదారుడికి 70 ఏళ్ళు నిండినా, ఆయుధం 25 ఏళ్ళుగా ఆయన దగ్గర ఉన్నా, బతికుండగానే వారసుడి పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ అర్హతలు, శిక్షణ, పోలీసు విచారణ అన్నీ మామూలుగానే చూస్తారు. రివాల్వర్ కూడా పొద్దుటి పరీక్షలో నెగ్గకపోతే ఇది మొదలుపెట్టండి. మా పెదనాన్నగారు ఇలాగే పెద్దబ్బాయి పేరుకి మార్పించారు.