ఎడమ తొడ పట్టేస్తుంటే మాత్ర మింగి సైకిల్ తొక్కుతారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 23 ఏళ్లు. మాది చంద్రగిరి. సైకిల్ రేసుల్లో పాల్గొంటుంటాను. ఏ కాలు ఎంత బలంగా తొక్కుతోందో చూపే పెడల్ పవర్ మీటర్‌లో ఎడమ కాలు 44, కుడి కాలు 56 శాతం చూపిస్తోంది. రెండేళ్ల కిందట ఎడమ మోకాలి కింద ఎముక విరిగితే పుత్తూరు కట్టు వేయించుకున్నాను. గట్టిగా తొక్కినప్పుడు ఎడమ తొడ పట్టేస్తుంది, ఆగితే రెండు మూడు నిమిషాల్లో పోతుంది. అందుకని రైడ్‌కి ముందు నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. రెండు కాళ్లూ 50-50 రావాలంటే ఏ వ్యాయామాలు చేయాలి? – ఓ పాఠకుడు

జవాబు: మీ బాధ 50-50 గురించి. నాకు మాత్రం ఆ నొప్పి మాత్ర దగ్గరే కన్ను ఆగిపోయింది. ఏ మాత్రో, ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారో రాయనేలేదు.

బ్యాలెన్స్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఏ సమస్యా లేని సైక్లిస్టుల్లోనూ రెండు కాళ్ల బలం సమానంగా ఉండదు, నాలుగైదు శాతం తేడా మామూలే. తేడా పోయినంత మాత్రాన టైమ్ మెరుగవుతుందన్న భరోసా కూడా లేదు. మీటర్‌ను జీరో చేసి మళ్లీ చూడండి. నెమ్మదిగా తొక్కినప్పుడు ఎంత, ప్రాణం పెట్టి తొక్కినప్పుడు ఎంత అన్నది విడిగా రాసుకోండి. జోరు పెరిగేకొద్దీ చాలామందిలో తేడా తగ్గుతుంది. మీకు పెరుగుతుంటే మాత్రం ఆలోచించాలి.

ఎందుకంటే గట్టిగా తొక్కితేనే తొడ పట్టేయడం, ఆగగానే వదిలేయడం కండరం నొప్పి తీరులా లేదు. ఏళ్ల తరబడి వంగి తొక్కే రేసర్లలో గజ్జల పైనుండే రక్తనాళం గోడ మందమై, కాలికి రక్తం చాలకపోవచ్చు. ఇది అరుదే, కొలెస్ట్రాల్‌తో సంబంధం లేదు. మిమ్మల్ని చూడకుండా ఇదేనని నేను అనలేను. పాత ఫ్రాక్చర్ వల్ల కండ తగ్గి ఉండొచ్చు, నడుములో నరం నొక్కుకుని ఉండొచ్చు. మోకాలిచిప్పకు పది సెంటీమీటర్ల పైన రెండు తొడలనూ టేపుతో కొలవండి. ఎడమది బాగా సన్నగా ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి.

ఎముక సరిగ్గా అతికిందో లేదో ఎక్స్‌రే తీయించుకున్నారా? కట్టు విప్పాక ఎవరికీ చూపించకుండా రెండేళ్లు గడిపేశారనే అనుకుంటున్నాను. ముందు ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి, తిరుపతిలో బర్డ్ ఎముకల ఆసుపత్రి ఉండనే ఉంది. తర్వాత రక్తనాళాల డాక్టరును (వాస్కులర్ సర్జన్) కలవండి. పడుకోబెట్టి తీసిన డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కాన్) నార్మల్ అని వచ్చినా సరిపోదు. నొప్పి వచ్చేదాకా సైకిల్ తొక్కించి, దిగిన వెంటనే చీలమండ దగ్గర బీపీ చూడాలి. ఈ మాట మీరే అడగండి.

ఇక మాత్ర. మన ఎండలో చెమట కారి ఒళ్లు ఎండినప్పుడు కిడ్నీకి రక్తం తగ్గుతుంది. దానికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర తోడైతే కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఉంది, కడుపులో పుండ్లు సరేసరి. నొప్పి తెలియకపోవడంతో జబ్బు ముదిరేదాకా తొక్కుతూనే ఉంటారు. ఇంకో మాట, కొన్ని నొప్పి మాత్రల్లో ట్రమడాల్ కలుస్తుంది. 2024 జనవరి 1 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) దాన్ని పోటీల్లో నిషేధించింది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రతో డోప్ టెస్టులో దొరికిపోతే ఎవరిని తిట్టుకుంటారు, బాబూ?

పరీక్షలయ్యేదాకా రేసులొద్దు, మెల్లగా తొక్కండి. కూర్చున్నా నొప్పి వస్తున్నా, పాదం చల్లబడినా, పిక్క వాచినా, మూత్రం ఆగినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్ జేబులో పెట్టుకోండి. ‘తెల్ల మాత్ర సార్’ అంటే మాకేం తెలుస్తుంది?