15 ఏళ్ల మా అమ్మాయి ఫొటోలు బయటపెడతానని క్లాస్‌మేట్ బెదిరిస్తున్నాడు. తనే వచ్చి చెప్పింది. ఫోన్ తీసేసుకున్నాం. ఇంకేం చేయాలి?

ముందు ఆ ఫోన్ తనకి తిరిగి ఇచ్చేయండి. హైస్కూల్లో టీచర్‌గా పనిచేస్తూ ఇలాంటి పిల్లలతో చాలాసార్లు కూర్చున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. అంత భయంలోనూ మీ అమ్మాయి నోరు విప్పింది. అందుకు తనకు దక్కిందేమిటి? ఫోన్ పోయింది, స్నేహితులతో మాటలు పోయాయి. బెదిరించినవాడి ఫోన్ మాత్రం వాడి చేతిలోనే ఉంది. రేపు ఇంతకంటే పెద్దది జరిగితే మళ్లీ మీ దగ్గరకు వస్తుందా?

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి గుర్తొస్తోంది. ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టుకుని కూర్చుంది. అది వైబ్రేట్ అయినప్పుడల్లా భుజాలు బిగుసుకుపోతున్నాయి, తీసి మాత్రం చూడదు. ఏమైందమ్మా అంటే "ఏం లేదు టీచర్". చాలాసేపటికి తనే అడిగింది, "మా నాన్నకి చెప్తారా?" అని. ఫొటో సంగతి ఆ తర్వాతే వచ్చింది. నిజానికి ఆ పిల్ల ఎవరికీ ఏమీ పంపలేదు. మామూలు డీపీ తీసుకుని ఎవడో ఏఐ యాప్‌లో వేసి ఒంటిమీద బట్టల్లేనట్టు తయారుచేశాడు. అయినా తప్పు తనదే అన్నట్టు ముడుచుకుపోయింది.

స్పెయిన్‌లోని అల్మెంద్రలేహో పట్టణంలో 2023లో ఇదే జరిగింది. 20 మందికి పైగా అమ్మాయిల ఫొటోలను ఇలాగే మార్చి పంచుకున్నారు. 2024లో 15 మంది మైనర్లకు కోర్టు ఏడాది ప్రొబేషన్ (జైలు బదులు పర్యవేక్షణలో ఉంచడం) వేసింది. చేసినవాళ్లూ బడి పిల్లలే. ప్లాన్ ఇంటర్నేషనల్ 2020లో 22 దేశాల్లో 15–25 ఏళ్ల అమ్మాయిలను 14 వేల మందికి పైగా అడిగితే, 58 శాతం మంది ఆన్‌లైన్‌లో వేధింపులు ఎదుర్కొన్నామన్నారు. మీ ఇంట్లో ఏదో వింత జరిగిందనుకుని కుంగిపోకండి.

మీ అమ్మాయే నమ్మి పంపి ఉన్నా సరే, "ఎందుకు పంపావు" అనే ప్రశ్న ఇప్పుడు వద్దు. నమ్మకాన్ని బెదిరింపుకు వాడుకున్నది వాడు.

ఇక పని. వాణ్ని బతిమాలొద్దు, అడిగింది ఇవ్వొద్దు. కోపం పట్టలేక చాట్ డిలీట్ చేసేస్తారు చాలామంది, అది చేయకండి. అకౌంట్ పేరు, ప్రొఫైల్ లింకు, బెదిరింపు మెసేజ్‌లు, తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకుని ఆ తర్వాతే బ్లాక్ చేయండి. నగ్న ఫొటో ఉంటే దాన్ని మాత్రం కాపీ చేయకండి, సాక్ష్యం పేరుతో బంధువులకో స్కూలుకో పంపకండి. మైనర్ల అలాంటి ఫొటోలు దగ్గర ఉంచుకోవడం, పంపడం చాలా దేశాల్లో నేరం. అది ఏ ఫోన్‌లో ఉందో పోలీసులకు చెబితే చాలు.

"టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సర్వీసు ఉంది. అమెరికాలో తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే జాతీయ కేంద్రం దీన్ని 2023లో మొదలుపెట్టింది. 18 ఏళ్లలోపు ఉన్నప్పటి ఫొటో అయితే చాలు, ఏ దేశం నుంచైనా పేరు చెప్పకుండా వాడుకోవచ్చు. పిల్లలకు బాగా ధైర్యమిచ్చే సంగతి ఒకటుంది: ఫొటో మన ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు. దానికి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారై అదొక్కటే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్ లాంటివి ఆ కోడ్‌తో సరిపోల్చుకుని ఫొటోను తీసేయగలవు. ఇంకా బయటికి రాని ఫొటోకైనా ముందే కోడ్ ఇవ్వొచ్చు. అయితే క్రాప్ చేసినా, మార్చినా కోడ్ మారిపోతుంది కాబట్టి ఎన్ని రకాలుంటే అన్నిటికీ కోడ్‌లు ఇవ్వాలి. ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే అందులో ఉన్నవాళ్లు తప్ప ఎవరూ చూడలేని ప్రైవేట్ చాట్‌లలో ఇది పనిచేయదు.

ఆ చాట్‌లలో జరిగేది ఆగాలంటే చూస్తున్న పిల్లల్లో ఒకరు కదలాలి. నేను చెప్పిన తొమ్మిదో తరగతి అమ్మాయి విషయంలో, ఫొటో తిరిగిన చాట్ గ్రూపులోని అబ్బాయే ఒకడు స్క్రీన్‌షాట్లతో నా దగ్గరకు వచ్చాడు. మిగతావాళ్లు నవ్వుల ఎమోజీలు పెట్టి ఊరుకున్నారు. కాబట్టి గ్రూపులో ఎవరెవరున్నారో కనుక్కుని వాళ్ల తల్లిదండ్రులతోనూ మాట్లాడమని స్కూలువాళ్లను అడగండి. ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేస్తామంటే ఒప్పుకోకండి. సెక్షన్ మార్చాల్సి వస్తే మార్చాల్సింది అబ్బాయిని.

అబ్బాయిలున్న తల్లిదండ్రులకూ ఒక మాట. అమ్మాయి పేరుతో పరిచయమై ఫొటో తీసుకుని డబ్బు గుంజే ముఠాల వలలో ఎక్కువగా పడేది మగపిల్లలే. "మగాడివై ఉండి" అంటారేమోనని వాళ్లు ఇంకా తక్కువ చెప్పుకుంటారు.

మీ అమ్మాయి తిండి, నిద్ర మీద ఓ కన్నేసి ఉంచండి. స్కూలుకు వెళ్లనంటే బలవంతపెట్టకండి. "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట వస్తే ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి, పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకోవద్దు.