సమాధానం: జర్మనీ టీమ్ రిజల్ట్‌తో మన రిజల్ట్ కలవకపోతే

జర్మనీ టీమ్‌కి వచ్చిన డిఫ్లెక్షన్‌లో (లోడ్‌కి భాగం ఎంత వంగిందో ఆ కొలతలో) మీకు సగం కూడా రావడం లేదని, వచ్చే మీటింగ్‌లో ఏం చెప్పాలో అని టెన్షన్ పడుతున్నారని రాశారు. మెటీరియల్ డేటా జోలికి ఇప్పుడే వెళ్లకండి. భాగాన్ని ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా చేసి లెక్కేసే సాఫ్ట్‌వేర్ అబాకస్‌లో మీరు సి3డి8 (మూలల్లో ఎనిమిది నోడ్లు, అంటే లెక్క బిందువులు, ఉండే) ఎలిమెంట్ వాడి, మందంలో ఒకే వరస పెట్టానన్నారు కదా, నా అనుమానం అక్కడే. వాళ్లది ఇరవై నోడ్ల ఎలిమెంట్. వంగే భాగంలో సి3డి8 ఉన్నదానికంటే బిగుసుకుపోతుంది, దీన్నే షియర్ లాకింగ్ అంటారు. వంపుని సరిగ్గా పట్టే సి3డి8ఐ గానీ, ఇరవై నోడ్ల సి3డి20ఆర్ గానీ పెట్టి మళ్లీ రన్ చేయండి. ఎనిమిది నోడ్లదే, లెక్క కుదించిన రకం సి3డి8ఆర్ అయితే మందంలో కనీసం నాలుగు వరసలు ఉండాలి.

అసలు మోడల్‌కి ముందు ఇద్దరూ ఒక చిన్న క్యాంటిలివర్ (ఒక చివర బిగించి, రెండో చివర వదిలేసిన కడ్డీ) చేయండి. పొడవు 1 మీటరు, 20×20 మి.మీ. స్టీలు కడ్డీ, ఇ విలువ (ఎలాస్టిక్ మాడ్యులస్, అంటే స్టీలు ఎంత బిగువో చెప్పే అంకె) 2 లక్షల మెగాపాస్కల్స్, చివర 100 న్యూటన్లు. చేత్తో లెక్కేసినా 12.5 మి.మీ. వస్తుంది. ఎవరికి రాకపోతే తేడా వాళ్ల దగ్గరున్నట్టే, వాదన అక్కర్లేదు.

అబాకస్‌కి సొంత యూనిట్లు లేవు, మనమిచ్చే అంకెలే ఒకదానికొకటి కుదరాలి. మి.మీ., న్యూటన్లలో చేస్తే సాంద్రత 7.85×10⁻⁹ టన్ను/ఘన మి.మీ. అని ఇవ్వాలి. ఫ్రీక్వెన్సీ లెక్కల్లో ఇది తప్పితే అంతా తప్పుతుంది. మోడల్ పంపేటప్పుడు అబాకస్ సీఏఈ ఫైలు (మోడల్ సేవ్ అయ్యే ఫైలు) కాకుండా ఐఎన్‌పీ ఫైలు (ఇన్‌పుట్ ఫైలు) పంపండి. అది మామూలు టెక్స్ట్, ఏ వెర్షన్ వాళ్లయినా చదువుకోవచ్చు.

మీటింగ్ దాకా ఆగకుండా ఈ క్యాంటిలివర్ ఫలితాన్ని ఈ రోజే మెయిల్ చేయండి.