తెలుగు మాటలు ముక్కలు కావడానికి కారణం, సవరణ

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (\w) వాడి పదాలు విడదీస్తుంటే “తెలుగు” అన్న మాట త, ల, గ అని మూడు ముక్కలుగా వస్తోందని మీరు రాశారు. పాఠంలో నమూనాలు వెదకడానికి పైథాన్‌తో వచ్చే ఆర్‌ఈ (re) మాడ్యూల్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అక్షరాలను, అంకెలను, అండర్‌స్కోర్‌ను మాత్రమే గుర్తిస్తుంది గనుక, యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణం) వేరే వర్గంలో చేర్చిన ఎత్వం, కొమ్ము, పొల్లు వంటి గుర్తులు ఎదురైన ప్రతిచోటా మాట తెగిపోతుంది. దాని బదులు [ఁ-౯]+ అని, అంటే అరసున్న మొదలుకొని తెలుగు తొమ్మిది వరకు, పరిధి ఇవ్వండి.

అయితే “పైథాన్‌లో” వంటి మాటల్లో పొల్లు తరువాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్‌జాయినర్ (పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) ఉంటుంది. నన్ను ఒక పూటంతా తిప్పలు పెట్టింది అదే. దాని యూనికోడ్ సంఖ్య 200సి, ఈ పరిధికి బయటిది కాబట్టి, ఆ బ్రాకెట్లలోనే దానినీ చేర్చండి. పెర్ల్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో, పాఠాన్ని ముందుగా డీకోడ్ చేసుకుంటే (బైట్ల నుంచి యూనికోడ్ అక్షరాలుగా మార్చుకుంటే), గుణింతపు గుర్తుల దగ్గర ఈ చిక్కు రాదు.