గడియా, గొళ్ళెమా, బోల్టా?

సందేహం: ఒక అనువాదంలో 'బోల్ట్ చర్య రైఫిల్' అని చదివాను. వేట తుపాకుల్లో ఉండే ఈ బోల్ట్‌ని తెలుగులో ఏమనాలి? యాక్షన్‌కి 'చర్య' సరిపోతుందా? తూటా, గుండు ఒకటేనా?

సమాధానం: సరిపోదు. చర్యలు తీసుకోవడానికి ప్రభుత్వాలున్నాయి, తుపాకికెందుకండీ? తూటాను లోపలికి తోసి, వెనక దారి మూసి, పేలాక మిగిలిన తూటా ఖాళీ గొట్టాన్ని బయటికి లాగి పారేసే ఏర్పాటు మొత్తాన్నీ ఇక్కడ యాక్షన్ అంటారు. 'యంత్రాంగం' అనే చక్కటి మాట ఉండేది గానీ, దాన్ని అధికారులు ఎత్తుకుపోయారు.

ఇక బోల్ట్. ఈ మాట వినగానే మనకు నట్టూ బోల్టూ గుర్తొస్తాయి. దీనికి ఆ మరలు ఉండవు. తలుపుకుండే ఇనప గడియను తలుచుకోండి: పిడి పైకెత్తి వెనక్కి లాగుతాం, ముందుకు తోసి కిందికి వాలుస్తాం. రైఫిల్‌లో చెయ్యి చేసే పనీ అచ్చంగా అదే. కాబట్టి గడియే దగ్గరి మాట. గొళ్ళెం తగిలించేది, ఇది జారేది. గడియకు 24 నిమిషాల కాలమనే అర్థం కూడా ఉంది, అది సంస్కృత ఘటిక నుంచి వచ్చిన వేరే మాట.

సంస్కృతంలో గడియను అర్గళం అంటారు. మనం రోజూ వాడే 'అనర్గళం'లో ఉన్నది ఇదే. అడ్డుగడియ లేనిది అనర్గళం. గడియ తీసిన తలుపులోంచి వచ్చినట్టు మాట ఆగకుండా వస్తుందన్నమాట. ఇంత బొమ్మ కట్టే మాటను 'అనర్ఘళం' అని ఒత్తు పెట్టి రాసేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. అనర్ఘం అంటే వెలకట్టలేనిది. ఆ రెండింటినీ కలిపి కొత్త మాట పుట్టించే హక్కు వీళ్ళకెవరిచ్చారు?

తమాషా ఏమిటంటే, వక్త గడియ తీస్తే మాట్లాడతాడు, రైఫిల్ గడియ పడితేనే మాట్లాడుతుంది. వేట తూటాల్లో పేలుడు ఒత్తిడి చదరపు అంగుళానికి 60 వేల పౌన్ల దాకా పోతుంది. గడియ సరిగా పడకపోతే ఆ దెబ్బ వెనక్కి, పేల్చేవాడి ముఖం మీదికే వస్తుంది. అందుకే గడియ కొసన చెవుల్లాంటి దిమ్మెలు పెడతారు, వాటిని లగ్‌లంటారు. పిడి వాల్చినప్పుడు గడియ తిరిగి, అవి గాడిలో ఇరుక్కుంటాయి. 1898 నాటి జర్మన్ మౌజర్ రైఫిల్‌లో ముందు రెండు లగ్‌లు, అవి విరిగితే ఆదుకోవడానికి వెనక మూడోది. గడియ పక్కన పొడవాటి ఉక్కు గోరు ఒకటి ఉంటుంది. తూటా కింది పెట్టెలోంచి పైకి లేస్తుండగానే అది తూటా అడుగు అంచును పట్టుకుంటుంది, బయటికి గెంటేదాకా వదలదు. 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 లాంటి రైఫిళ్ళలో గడియ తూటాను ఊరికే ముందుకు తోస్తుంది, పట్టు చివర్లో దొరుకుతుంది. ఏది మేలో వేటగాళ్ళు తేల్చుకోవాలి.

'గడియ రైఫిల్' అని రాస్తే నేను తప్పు పట్టను. అలాగని ఆ మాట నిలుస్తుందన్న పూచీ కూడా ఇవ్వలేను. 'బోల్ట్ యాక్షన్ రైఫిల్' అన్నా ఫరవాలేదు. తుపాకి అన్న మాటే తుర్కీ నుంచి వచ్చింది మరి.

తూటా అంటే మందు, గొట్టం, గుండు అన్నీ కలిసినది. ఎగిరిపోయి తగిలేది గుండు ఒక్కటే. 'తూటా తగిలింది' అని పత్రికలు రాస్తూనే ఉంటాయి, నేను దిద్దుకుంటూ చదువుతూనే ఉంటాను.