వెకేషన్‌కి వెళ్ళినా ఆయన ధ్యాసంతా గాలం మీదే!

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. ఇద్దరు పిల్లలు. బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి ఆరు. మా వారికి బ్యాస్ (ఇక్కడి మంచినీళ్ళ చేప) ఫిషింగ్ అంటే పిచ్చి. శనివారాలు తెల్లవారుజామునే ఇంటి దగ్గర లేక్‌కి వెళ్ళి తొమ్మిదికల్లా వచ్చేస్తారు. దానితో నాకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా వెకేషన్లతోనే. పోయినేడాది మాకెవరికీ తెలియని ఒక లేక్‌కి వెళ్ళాం. పది గంటలకి వచ్చేస్తానన్న మనిషి మధ్యాహ్నం రెండింటికి వచ్చారు. ఫోన్‌కి సిగ్నల్ లేదు, పిల్లలు స్విమ్ సూట్లు వేసుకుని కూర్చున్నారు. పైగా చేపలు పడలేదని ఆ రోజంతా ముభావంగా ఉన్నారు. ఈ జూలైలో మా అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు. అందరం కలిసి మిస్సోరీలోని బ్రాన్సన్‌కి ఆరు రోజులు వెళ్దామనుకున్నాం. ఆయన అప్పుడే టేబుల్ రాక్, బుల్ షోల్స్, బీవర్ అని మూడు లేక్‌ల పేర్లు రాసుకుని మ్యాపులు చూస్తున్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎండ పడదు. నాన్న చిన్నప్పుడు కోనసీమలో కాలువ గట్టున గాలం వేసినవారే, మొన్న వీడియో కాల్‌లో "అక్కడ ఏం చేపలుంటాయమ్మా?" అని అడిగారు. రాడ్లు ఇంట్లో పెట్టి రమ్మని గట్టిగా చెప్పేయనా? చెబితే గొడవ, చెప్పకపోతే నా వెకేషన్ పోయినట్టే.
— ఒక సోదరి, డాలస్

జవాబు: రాడ్లు ఇంట్లో పెట్టి రమ్మని మాత్రం చెప్పకండమ్మా. పోయినేడాది ఆయన ముభావంగా ఉన్నది ఒక్క రోజే. ఈసారి మీ అమ్మానాన్నల ముందు ఆరు రోజులూ ఉంటారు. అల్లుడుగారికి ఏమైందని మీ నాన్నగారు అడిగితే చెప్పుకోవాల్సింది మీరే.

ఇంటి దగ్గర తొమ్మిదికల్లా వచ్చేస్తారని మీరే రాశారు. ఆ మనిషే కొత్త లేక్‌లో నాలుగు గంటలు ఆలస్యం చేశారంటే, మీరంటే లెక్కలేక కాదు. ఇంటి దగ్గర ఆయనకి ఏ మూల ఏ రాయి ఉందో తెలుసు. నాలుగు చోట్ల గాలం వేస్తారు, పడితే పడతాయి లేకపోతే లేదు, తిరిగొస్తారు. కొత్త చోట మొదటి రెండు గంటలు ఏమీ తగలదు. అప్పుడు ఆ మలుపు అవతల చూద్దాం అనిపిస్తుంది. అక్కడా లేకపోతే ఇంకో మలుపు. ఇంతలో చిన్నదొకటి తగిలితే ఇక కదలరు. మా ఇంట్లోనూ గాలం పట్టేవాళ్ళున్నారు, ఈ వరస నాకు బాగా తెలుసు. "ఒక్కటి పట్టి వచ్చేస్తా" అని నిజంగానే అనుకుంటారు.

అందుకని మీరు అడగాల్సింది ఫిషింగ్ మానేయమని కాదు, తెలియని లేక్‌ని కొంచెం తెలిసిన లేక్‌గా చేసుకుని వెళ్ళమని. ఆ హోంవర్క్ డాలస్‌లోనే అయిపోవాలి, వెకేషన్‌లో కాదు.

మొదట ఆ మూడు లేక్‌ల సంగతి. మూడూ వైట్ నది మీద కట్టిన డ్యాముల వల్ల ఏర్పడినవే. కానీ బీవర్ పక్క రాష్ట్రమైన ఆర్కన్సాలో ఉంది, బుల్ షోల్స్ రెండు రాష్ట్రాల్లోనూ పరుచుకుని ఉంది. లేక్ మారితే పర్మిట్లు, ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, ఎంత సైజువి ఉంచుకోవచ్చు అన్న రూల్సూ మారతాయి. డ్రైవింగ్ వేరే. మూడు లేక్‌లంటే మూడుసార్లు మొదటి నుంచి మొదలుపెట్టడం. ఒక్క టేబుల్ రాకే దాదాపు 43,000 ఎకరాలు, తీరం పొడవు 700 మైళ్ళకు పైనే. 1958లో డ్యామ్ పూర్తయింది. ఆరు రోజుల్లో కాదు కదా, ఆరు సీజన్లలో కూడా దాన్ని పూర్తిగా చూసినవాళ్ళుండరు. పోటీల్లో పాల్గొనే ప్రొఫెషనల్స్ కూడా కొత్త లేక్‌కి వస్తే ముందు రెండు మూడు రోజులు ప్రాక్టీస్ చేసుకుంటారు. మీ ఆయన రోజుకొక లేక్ అంటున్నారంటే, పోయినేడాది రెండు గంటలకు వచ్చిన రోజుని మూడుసార్లు ప్లాన్ చేస్తున్నారన్నమాట. ఒక్క టేబుల్ రాకే ఉంచుకోమనండి. అందులోనూ మీరు దిగే చోటుకి దగ్గరగా ఉన్న రెండు మూడు మైళ్ళ మేర చాలు. వసతి ఇంకా బుక్ చేయకపోతే నీళ్ళ ఒడ్డునే, సొంత డాక్ (బోటు కట్టేసుకునే చెక్క వేదిక) ఉన్న రిసార్ట్ చూసుకోండి. రోజూ అరగంట కారు, అరగంట బోటు ర్యాంప్ దగ్గర నిలబడటం తప్పుతుంది.

ఇక టైం. మీకు కలిసొచ్చేది ఇక్కడే. టేబుల్ రాక్ నీళ్ళు బాగా తేటగా ఉంటాయి. డాలస్ చుట్టుపక్కల మసక నీళ్ళకి అలవాటు పడిన చేయి ఇక్కడ తడబడుతుంది. జూలైలో తెల్లవారుతూండగా కాసేపు బ్యాస్ పైకి వచ్చి చిన్న చేపల్ని తరుముతాయి. ఎండెక్కాక చాలావరకు 20-30 అడుగుల లోతుకి వెళ్ళిపోతాయి. లేక్ నిండకముందు నరకకుండా వదిలేసిన చెట్లు నీళ్ళ అడుగున ఇప్పటికీ నిలబడే ఉన్నాయి; వాటి మధ్యలో బ్యాస్ కదలకుండా ఉండిపోతాయి. పదయ్యేసరికి స్పీడ్ బోట్లు, జెట్ స్కీలు దిగి నీళ్ళన్నీ అల్లకల్లోలం చేస్తాయి. ఆ టైంకి ఆయన లేక్ మీద ఉండి పెద్దగా సాధించేదేమీ లేదు. మీ పిల్లలు లేచి టిఫిన్ తినేదీ అప్పుడే. ఆరింటికల్లా వెలుగు వస్తుంది. ఐదుంపావుకి లేచి వెళ్ళి తొమ్మిదిన్నరకి డాక్ మీద ఉండమంటే, చేపల లెక్కలోనూ ఆయనకి పోయేది తక్కువే. ఈ మాట మీ సౌకర్యం కోసమన్నట్టు కాకుండా చేపల సంగతిగా చెప్పండి, తలూపుతారు. ఆయనకీ తెలిసిన విషయమే ఇది, వెకేషన్‌లో గుర్తుండదంతే.

రాత్రి ఫిషింగ్ అనే ఇంకో ముచ్చట ఉంది. తేట నీళ్ళ లేక్‌లలో వేసవి రాత్రుళ్ళు బాగా తగులుతాయని చాలామంది వెళ్తారు. ఒక రాత్రి వెళ్ళనివ్వండి, కానీ ఆ మర్నాడు తెల్లవారుజామున వెళ్ళకూడదు. డాలస్ నుంచి బ్రాన్సన్‌కి దాదాపు ఏడు గంటల డ్రైవ్. తిరుగు ప్రయాణం ముందు రాత్రి అసలే వద్దు.

మొదటి రోజు పొద్దున్న ఒక గైడ్‌ని పెట్టుకోమనండి. హాఫ్ డే అంటే నాలుగు గంటలు. బోటు, రాడ్లు అన్నీ వాళ్ళవే. ఖర్చు తక్కువేమీ కాదు, అయినా కొత్త లేక్ కోసమని ఆయన వెకేషన్ ముందు కొనే డబ్బాడు ఎరల కన్నా దండగ కాదు. గైడ్‌తో వెళ్తే రెండు లాభాలు. చేపలు ఏ లోతులో ఉన్నాయో, ఏం వేస్తే తీసుకుంటున్నాయో నాలుగు గంటల్లో తెలిసిపోతుంది, మిగతా రోజులు దాని మీదే నడుస్తాయి. రెండోది, గైడ్ టైం అయిపోగానే ఒడ్డుకి తెచ్చి దించేస్తాడు! "ఇంకొక్కటి" అనడానికుండదు. మంచి గైడ్లు జూలైకి ముందే బుక్ అయిపోతారు కాబట్టి ఈ వారమే ఫోన్ చేయమనండి.

సామాను గురించి కూడా ఆయనకి ఒక మాట. తేట నీళ్ళలో లావు దారం చేపకి కనిపిస్తుంది. ఆరు, ఎనిమిది పౌండ్ల బరువు ఆపే సన్న ఫ్లోరోకార్బన్ దారం, పచ్చగుమ్మడి రంగు ప్లాస్టిక్ పురుగులు, తెల్లవారుజామున నీటి మీద తేలే ఎర ఒకటి రెండు, డ్రాప్ షాట్‌కి (దారం చివర బరువు కట్టి వేసే పద్ధతి) కావలసిన బరువులు, కొక్కేలు. ఇవి ఒక చిన్న పెట్టెలో పడతాయి. కారులో మీ అమ్మగారి కాళ్ళ దగ్గర పెద్ద ట్యాకిల్ బాక్స్ పెట్టే అవసరం ఉండదు.

ఇప్పుడు మీ నాన్నగారు. ఉత్తరంలో ఆయన గురించి రాసింది కొంచెమే, కానీ నాకు అక్కడే ఆశ కనిపించింది. "అక్కడ ఏం చేపలుంటాయమ్మా?" అని అడిగిన మనిషి రావాలనే అడిగారు. అల్లుడు పిలవకుండా తానుగా వస్తాననరు, మన పెద్దవాళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. గైడ్ బోటులో ఇద్దరికి చోటుంటుంది. "మామయ్యగారూ, పొద్దున్నే నాతో వస్తారా?" అని మీ ఆయన చేత అడిగించండి, మీరు అడగొద్దు. అక్కడ డ్రాప్ షాట్ వేస్తారు. కొక్కెం పైన, బరువు కింద కడతారు. బరువు అడుగున ఆనుకుని ఉంటే పురుగు దానికి అడుగు పైన ఒకే చోట వణుకుతుంటుంది. చేప నోట పెట్టుకున్నప్పుడు పెద్దగా లాగదు. దారం మీద వేలు పెట్టి ఉంచితే టిక్‌మని చిన్నగా తగులుతుంది, లేదా దారం బరువెక్కినట్టు అనిపిస్తుంది. కాలువ గట్టున బెండు కదలిక చూసి కొరమీనుని పట్టినవారికి ఆ కదలిక అందుకోవడం ఎంతసేపు? అల్లుడి కంటే ముందు ఆయనకే పడితే ఆశ్చర్యపోకండి. అప్పుడు మీ ఆయన ముభావంగా ఉండటానికి వీలుండదు, మామగారికి ఫొటో తీయాలి కదా.

పిల్లలకి బ్యాస్ వద్దు. గంటలకొద్దీ ఏమీ పడకపోతే వాళ్ళకి ఆ సరదాయే పోతుంది. సాయంత్రం రిసార్ట్ డాక్ మీద చిన్న కొక్కెం, వానపాము ముక్క, బెండు ఇచ్చి కూర్చోబెట్టండి. బ్లూగిల్ అనే అరచేతంత చేపలు డాక్ నీడలో తిరుగుతుంటాయి. అవి త్వరగానే తగులుతాయి. ఆ గంట పిల్లల గాలాలు చూసుకోవాల్సింది మీ ఆయనే, తన రాడ్ పక్కన పెట్టి. ఇది ముందే మాట తీసుకోండి.

అమ్మగారికి నీళ్ళు చూపించాలంటే ఒక రోజు పైకప్పున్న పాంటూన్ బోటు అద్దెకు తీసుకోండి. ఎక్కడం దిగడం సులువు, సోఫాలుంటాయి. పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్ళొచ్చు. ఆ రోజు బోటులో రాడ్ ఉన్నా ఫర్వాలేదు, కానీ బోటు ఎటు వెళ్ళాలో చెప్పేది మీరు. ఇంకో రోజు డ్యామ్ కిందున్న షెపర్డ్ ఆఫ్ ది హిల్స్ అనే, చేపపిల్లల్ని పెంచే హేచరీకి వెళ్ళండి. టికెట్ లేదు, ట్రౌట్ చేపలకి పిల్లలు మేత వేయొచ్చు. ఆ కింద టానీకోమో లేక్‌లోకి టేబుల్ రాక్ అడుగు నీళ్ళు వస్తాయి, జూలైలోనూ చల్లగా ఉంటాయి. డ్యామ్ నీళ్ళు వదిలేముందు హారన్ మోగుతుంది. అది వినగానే పిల్లల్ని ఒడ్డుకి తెచ్చేయండి.

కాగితాల పని పాపం ఎప్పుడూ ఆఖరి రాత్రే గుర్తొస్తుంది. మిస్సోరీలో టెక్సస్ లైసెన్స్ పనికిరాదు. బయటి రాష్ట్రం నుంచి వచ్చేవాళ్ళలో పదహారేళ్ళు నిండిన ప్రతివారికీ పర్మిట్ ఉండాలి. గైడ్ బోటులో ఉన్నా సరే, మీ నాన్నగారికీ ఉండాలి. అరవై ఐదు దాటినవాళ్ళకి మినహాయింపు ఆ రాష్ట్రంవాళ్ళకే. రోజువారీ పర్మిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, పిల్లలకి అక్కర్లేదు. టేబుల్ రాక్‌లో 15 అంగుళాల లోపు బ్యాస్‌ని వదిలేయాలి. బోటు నడిపేవారు 1984 జనవరి 1 తరువాత పుట్టినవారైతే బోటింగ్ సేఫ్టీ కార్డు కావాలి. కోర్సు ఆన్‌లైన్‌లో ఉంది, మీ ఆయన ఇప్పుడే మొదలుపెడితే టెన్షన్ ఉండదు. ఏడేళ్ళ లోపు పిల్లలు కదిలే బోటులో లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలని అక్కడి చట్టం. మీ పాప ఆ వయసులోనే ఉంది. బాబుకీ, ఈత రాకపోతే పెద్దవాళ్ళకీ వేయండి.

వాన విషయంలో మాత్రం మొహమాటం వద్దు. 2018 జూలైలో ఇదే లేక్ మీద ఉన్నట్టుండి వచ్చిన గాలివానకి విహారానికి వెళ్ళిన డక్ బోటు (నేల మీదా నీళ్ళ మీదా నడిచేది) మునిగి 17 మంది పోయారు. ఫోన్‌లో ఉరుముల వార్నింగ్ వస్తే చేపలు ఎంత బాగా తగులుతున్నా ఒడ్డుకి రావాల్సిందే. ఇది ఆయన చేత ఒప్పించుకోండి. సిగ్నల్ ఉండదంటున్నారు కాబట్టి ఏ వైపు వెళ్తున్నారో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి వెళ్ళమనండి. తొమ్మిదిన్నర దాటి అరగంటైనా రాకపోతే రిసార్ట్ ఆఫీసులో చెప్తానని ముందే అనండి. బెదిరింపుగా కాదు, ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చోకుండా.

ఇదంతా ఎప్పుడు మాట్లాడాలి? శనివారం ఆయన లేక్ నుంచి వచ్చి, స్నానం చేసి, కాఫీ తాగేటప్పుడు. మ్యాప్ ఆయన చేతే తెరిపించండి, మూడింట్లో ఏది బాగుంటుందో ఆయన్నే చెప్పనివ్వండి. ఒక మాట మీకు కూడా. ఆయన "వెళ్ళనా?" అన్నప్పుడు సరేనని పంపేసి, వచ్చాక మూతి ముడుచుకుంటే ఆ మనిషికి ఏది నిజమో తెలియదు. ఆరు రోజుల్లో మూడు ఉదయాలు, ఒక రాత్రి ఆయనవి అని మీ నోటితోనే చెప్పండి. ఆ మూడు ఉదయాలూ నిజంగా ఇచ్చేయండి. మిగతా మూడు ఉదయాల్లో ఒకటి పూర్తిగా మీది. పిల్లలకి టిఫిన్ పెట్టేది ఆయన, మీరు నిద్రపోతారో కాఫీ పట్టుకుని వరండాలో కూర్చుంటారో మీ ఇష్టం.

ఇన్ని చెప్పి, గైడ్‌ని పెట్టి, టైం ఒప్పుకున్నాక కూడా మళ్ళీ రెండింటికి వస్తే అప్పుడు అది చేపల గొడవ కాదు. అలా జరిగితే నాకు మళ్ళీ రాయండి, వేరుగా మాట్లాడుకుందాం.