ముగ్గురాయి అని అడగవలసింది

భూగర్భశాస్త్రంలో, గనుల పనిలో వాడే సాంకేతిక పదాలకు కొత్త తెలుగు మాటలు కల్పించాలా, ఇంగ్లీషు మాటలనే తెలుగు లిపిలో రాసుకోవాలా అని మీరు అడిగారు. ఈ రెండింటికంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది: ఆ రాయిని తవ్వినవాళ్లు దానిని ఏమంటారో వెళ్లి కనుక్కోవడం.

1986లో, పీజీ చదువుతున్న రోజుల్లో, బెరైటీసు అనే ఖనిజపు నమూనాల కోసం పులివెందుల ప్రాంతానికి వెళ్లాను. అక్కడి వేంపల్లె డోలమైటు అనే రాతి పొరల్లో ఆ ఖనిజం చారలు చారలుగా ఉంటుంది. ఎదురైన ప్రతివారినీ "బెరైటీసు ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాను, ఒక్కరూ చెప్పలేకపోయారు. మధ్యాహ్నానికి సంచి నిండా తెల్లరాళ్లు ఏరుకుని చింతచెట్టు కింద కూర్చున్నప్పుడు, గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి, ఒక రాయి తీసుకుని అరచేతిలో ఆడించి చూశారు.

"ఇది పలుగురాయి నాయనా. నీకు కావాల్సింది ముగ్గురాయి గదా? అది ఇంత తేలిగ్గా ఉండదు" అంటూ వంక అవతల ఉన్న పాత గుంతల దగ్గరకు తీసుకువెళ్లారు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఆ గుంతల్లోనే కూలికి పనిచేశారట. అక్కడ అంతే పరిమాణం గల ముక్కను నా చేతిలో పెట్టగానే చెయ్యి కిందికి దిగింది. తరువాత కొడవలి మొనతో రెండు రాళ్లనూ గీశారు. పలుగురాయి మీద గీత పడలేదు. ముగ్గురాయి నుంచి తెల్లటి పొడి రాలింది.

పలుగురాయి, అంటే క్వార్ట్జ్, సాంద్రత 2.65 అని, బెరైటీసుది సుమారు 4.5 అని, కాఠిన్యంలో పదికి మొదటిది 7, రెండవది 3 నుంచి 3.5 అని నాకు కంఠతా వచ్చు. అయినా ఆ ఉదయం నేను మోసినవన్నీ పలుగురాళ్లే. గ్రీకులో బరువును తెలిపే మాట నుంచి వచ్చిన బెరైటీసు అనే పేరు ఆ రాయి బరువును చెబితే, ముగ్గురాయి అనే పేరు అది మెత్తగా పొడి అయ్యే గుణాన్ని చెబుతుంది. చమురు బావుల తవ్వకంలో వాడే బురదకు బరువు పెంచడానికి ప్రపంచమంతా కొనే ఈ ఖనిజానికి మన మాట ఉండగా, ఇంకొకటి కల్పించవలసిన అవసరం నాకు కనిపించదు.

శాస్త్రం కూడా ఇలాగే పేర్లు తెచ్చుకుంది. కేరళలోని అంగాడిపురం దగ్గర చూసిన ఒక రాయిని అక్కడివాళ్లు ఇటుకరాయి అంటారని స్కాట్లాండు వైద్యుడు ఫ్రాన్సిస్ బుకానన్ 1807లో రాసి, ఇటుకకు ఉన్న లాటిన్ మాటను తీసుకుని దానికి లాటరైటు అని పేరు పెట్టాడు. దీనికి విరుద్ధంగా, 1556లో వెలువడిన జర్మన్ పండితుడు అగ్రికోలా గనుల గ్రంథంలో జర్మన్ గని కార్మికుల మాటలకు బదులు కొత్తగా కల్పించిన లాటిన్ పదాలు ఉన్నందువల్ల, 1912లో దానిని ఇంగ్లీషులోకి తెచ్చిన హూవర్ దంపతులు వాటి అర్థం తేల్చుకోవడానికే ఎంతో శ్రమపడవలసి వచ్చింది.

అవక్షేప శిల వంటి కల్పించిన మాటలను నేను తప్పుపట్టను. తరగతి గదికి అవి కావాలి. కానీ పలుగురాయి, రాతినార, అభ్రకం మన నోళ్లలో ఉండగా, పిల్లల చేత క్వార్ట్జ్, ఆస్‌బెస్టాస్, మైకా అని మాత్రమే వల్లె వేయించడం నాకు బాధ కలిగిస్తుంది. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది మొదలు సింగరేణి కార్మికుల వాడుకలోనూ ఎన్నో మాటలు నిలిచాయి: గనిని బాయి అన్నారు, తట్టతో, పారతో బొగ్గు ఎత్తే పనిని తట్టా చెమ్మస్ అన్నారు. ఇప్పుడు ఆ పనిని యంత్రాలు చేస్తున్నాయి. ఆ మాట తెలిసినవాళ్లు వృద్ధులయ్యారు.

పులివెందుల నుంచి తిరిగివచ్చిన నాటి నుంచి, నా నమూనాల సంచుల మీద అంటించే చీటీలన్నిటిపైనా రెండు పేర్లు రాస్తూ వచ్చాను. ఊరివాళ్లు చెప్పిన పేరు పైన ఉంటుంది.